రేపటి సంది రాకన్నరు.. కాయిదమేది?

స్టేషన్ ఘన్‌పూర్ పేరును రాష్ట్రమంతా మారుమోగించిన తొలగింపు ఒకటుంది. 2015 జనవరి 25, ఆదివారం. తెలంగాణ తొలి ఉప ముఖ్యమంత్రులు ఇద్దరిలో ఒకరు, వైద్య ఆరోగ్య శాఖ మంత్రి, ఘన్‌పూర్ ఎమ్మెల్యే డాక్టర్ తాటికొండ రాజయ్యను ఆ రోజు మంత్రివర్గం నుంచి బర్తరఫ్ చేశారు. అదే రోజు ఉప ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన కడియం శ్రీహరిదీ ఘన్‌పూర్ రాజకీయమే. మంత్రికి షోకాజు నోటీసు ఇవ్వాలని గానీ, విచారణ జరిపి పంపాలని గానీ రాజ్యాంగం ఎక్కడా అనలేదు. 164వ అధికరణ ప్రకారం మంత్రులు గవర్నర్ అభీష్టం ఉన్నంతవరకే కొనసాగుతారు. ముఖ్యమంత్రి సిఫార్సు చేస్తే చాలు, ఉత్తర్వు వెలువడుతుంది.

అదే మంత్రి పేషీలో చాయ్ తెచ్చే పర్మినెంటు అటెండరును ఇంటికి పంపాలంటే మాత్రం ప్రభుత్వానికి అంత సులువు కాదు. 311వ అధికరణ అడ్డం నిలబడుతుంది. అభియోగాలేమిటో చెప్పాలి, విచారణ జరపాలి, తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అంతా అయ్యాక చేతికి ఉత్తర్వు రావాలి. నచ్చకపోతే ఆ ఉత్తర్వు పట్టుకుని పై అధికారి దగ్గరికీ, కోర్టుకూ పోవచ్చు.

ఘన్‌పూర్‌లో ఉద్యోగం చేసుకునే జనంలో చాలామంది అటు మంత్రులూ కారు, ఇటు పర్మినెంటు అటెండర్లూ కారు. పొద్దున హైదరాబాద్ వైపు పోయే ప్యాసింజరో, హన్మకొండ నుంచి ఉప్పల్ పోయే బస్సో పట్టుకునేవాళ్లు. మాల్‌లో సెక్యూరిటీ గార్డు, మందుల కంపెనీలో ప్యాకింగ్ హెల్పర్, ప్రైవేటు బడిలో పంతులమ్మ, ఆస్పత్రిలో ఔట్‌సోర్సింగ్ వార్డుబాయ్, కాల్‌సెంటర్ పిల్లలు. వీళ్లను తీసేసేటప్పుడు ఉత్తర్వులుండవు. సూపర్‌వైజర్ ఫోన్ చేసి "రేపటి సంది రాకు" అంటాడు. కొన్నిచోట్ల ఆ ఫోన్ కూడా రాదు. వేలిముద్ర మిషన్ ఎర్రలైటు చూపిస్తుంది, వాట్సాప్ గ్రూపులోంచి నంబరు తీసేస్తారు. "ఎందుకు తీసేసిన్రట?" అని ఇంట్లో అడిగితే "ఏం చెప్పలే" అనడం తప్ప జవాబుండదు.

ఉద్యోగం పోవడం ఒక నష్టం. పోయిందని చెప్పే కాగితం లేకపోవడం రెండో నష్టం, ఇది మొదటిదాని కన్నా ఎక్కువ కాలం వెంటాడుతుంది. ఎందుకంటే రెండు నెలల తర్వాత కార్మికుడు ఫిర్యాదుకు పోతే యాజమాన్యం నుంచి తరచూ వచ్చే జవాబు ఒకటే: "మేమెక్కడ తీసేశాం? తనే రావడం మానేశాడు." తీసేసినట్టు రుజువు లేకపోతే నోటీసు జీతం అడగలేడు, పరిహారం అడగలేడు, కొత్త చోట అనుభవం చూపించలేడు. పీఎఫ్ ఖాతాలో వెళ్లిపోయిన తేదీ పడక ఆ డబ్బూ ఆగుతుంది.

48 వేల మందికి ఒకే మాట

ఈ కాగితం లేని తొలగింపును తెలంగాణ ఒకసారి భారీ ఎత్తున చూసింది. 2019 అక్టోబర్ 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది ప్రధాన డిమాండు. ఆ సాయంత్రం 6 గంటల్లోగా డ్యూటీలో చేరనివాళ్లు తమను తామే తొలగించుకున్నట్టని ప్రభుత్వం తేల్చేసింది. 'సెల్ఫ్ డిస్మిస్' అనే మాట అప్పుడే జనగామ డిపో గేటు నుంచి భూపాలపల్లి డిపో గేటు దాకా అందరి నోళ్లలో నానింది. దాదాపు 48 వేల మంది ఆ ఒక్క మాట కిందికి వచ్చారు. పండగ ముందు చేతికి రావాల్సిన సెప్టెంబర్ జీతం ఆగింది.

ఆ మాట ప్రకటనల్లో వినబడింది, పేపర్లలో అచ్చయింది. కానీ ఒక్కో డ్రైవరు పేరున, ఒక్కో కండక్టరు పేరున ఛార్జిషీటు, ఆపైన విచారణ, ఆపైన తొలగింపు ఉత్తర్వు అనే వరస నడవలేదు. నడవకుండా తొలగింపు ఉంటుందా? సుప్రీంకోర్టు 1993లోనే దీనికి జవాబు చెప్పింది. డి.కె.యాదవ్ కేసులో కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లు, అంటే పని నిబంధనలు, 8 రోజులకు మించి చెప్పకుండా రాకపోతే ఉద్యోగం దానంతటదే పోయినట్టే అన్నాయి. వినకుండా, విచారించకుండా పేరు కొట్టేయడం బతుకుదెరువును లాక్కోవడమేనని కోర్టు తేల్చి, సగం వెనక జీతంతో మళ్లీ పనిలో పెట్టమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ కె.రామస్వామి తెలుగువాడే.

సమ్మె 52 రోజులు సాగింది. నవంబర్ 28న ముఖ్యమంత్రి అందరినీ చేరమన్నారు, 29న బస్సులెక్కారు. ఇక్కడ ఒక తిరకాసుంది, నిజాయితీగా చెప్పాలి. తొలగింపు ఉత్తర్వులే లేవు కాబట్టి రద్దు చేయాల్సిన ఉత్తర్వులూ లేవు. కాగితం లేకపోవడం ఆ 48 వేల మందికి చివరికి కలిసొచ్చిందనే చెప్పాలి. కానీ అది 48 వేల మంది కాబట్టి. ఉప్పల్‌లో ఒక్కడిగా పనిచేసే గార్డు వెనక యూనియన్ల జేఏసీ ఉండదు, హైకోర్టులో రోజూ వాదనలు జరగవు. అతనికి ఉన్నదల్లా కాగితమే.

ఆర్టీసీ వాళ్లు మళ్లీ బస్సులెక్కిన నాలుగు నెలలకే ఇంకో దెబ్బ పల్లెల మీద పడింది. 2020 మార్చిలో ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లు తమ పని షరతులు మార్చిన 4779 నంబరు సర్క్యులర్‌ను రద్దు చేయాలని సమ్మె చేశారు. వీళ్లవి ఏడాదికోసారి పొడిగించే ఒప్పందాలు. రాష్ట్రంలో 7 వేల మందికి పైగా పని పోగొట్టుకున్నారు, వాళ్ల బాధ్యతలు పంచాయతీ కార్యదర్శుల మీద పడ్డాయి. ఊరందరి మస్టరు రాసిన చేతులవి. మట్టి తవ్విన ప్రతి కూలీకీ ఏ రోజు వచ్చిందీ ఏ రోజు రానిదీ రాతలో చూపించిన మనిషి, తనదాకా వచ్చేసరికి ఒప్పందం పొడిగించలేదన్న మాట దగ్గర ఆగిపోయాడు. వాళ్లను మళ్లీ తీసుకుంటామని 2022 మార్చిలో అసెంబ్లీలో ప్రకటన, ఆగస్టులో ఉత్తర్వులు వచ్చేదాకా రెండేళ్లకు పైగా పట్టింది.

పని పోయిందో ఉందో తెలియని స్థితి ఇంకా కష్టం. మంగపేట మండలం కమలాపురంలో రేయాన్ గుజ్జు మిల్లు ఉంది. ఒకప్పుడు వరంగల్ జిల్లా, తర్వాత భూపాలపల్లి, ఇప్పుడు ములుగు. 2014లో అక్కడ ఉత్పత్తి ఆగింది. కార్మికులు ఏళ్ల తరబడి జీతం బకాయిల కోసం ఎదురుచూశారు. ఉద్యోగం తీసేశామని చెప్పే కాగితం లేదు, ఉందని చూపించే జీతం లేదు.

నీ చేత్తో నువ్వే రాసియ్యి

ఇప్పుడు కాగితం ఇవ్వని యాజమాన్యం కన్నా కాగితం అడిగే యాజమాన్యం గురించి ఎక్కువ జాగ్రత్త పడాలి. హెచ్ఆర్ గదిలో కూర్చోబెడతారు. మంచినీళ్లిస్తారు. "నిన్ను తీసేసినట్టు రాస్తే నీకే నష్టం, రేపు ఎవరూ తీసుకోరు. రిజైన్ రాసియ్యి, రిలీవింగ్ లెటర్ చక్కగా ఇస్తాం" అంటారు. మాట తియ్యగా ఉంటుంది. ఆ రాజీనామా మీద సంతకం పడగానే తొలగింపు అన్నది చట్టం దృష్టిలో మాయమవుతుంది. నోటీసు జీతం, ఏడాదికి 15 రోజుల లెక్కన పరిహారం అడిగే హక్కు దాంతోపాటే పోతుంది. 2017లో హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు కార్మిక శాఖ గడప తొక్కింది ఈ బలవంతపు రాజీనామాల మీదే. టై కట్టుకున్నవాళ్లకు కూడా 'రేపటి సంది రాకు' అన్న మాటే, కాకపోతే ఇంగ్లిషులో చెప్పారు.

రాయక తప్పని పరిస్థితి వస్తే? ఇంటికి పోయి ఆలోచించి చెబుతానని ఆ గదిలోంచి బయటపడటం మొదటి పని. ఒత్తిడికి సంతకం పెట్టినవాళ్లు ఆ రోజే, కనీసం మర్నాడే, ఎవరు ఏం చెప్పి రాయించారో మెయిల్‌లో పెట్టాలి. ఆరునెలల తర్వాత గుర్తొచ్చిన బలవంతాన్ని ఏ అధికారీ నమ్మడు.

ఈసీఐఎల్ నుంచి వచ్చిన ఒక హక్కు

వరంగల్ తొవ్వన పోయే మనవాళ్లు ఉప్పల్‌లో దిగి ఎక్కే బస్సుల్లో ఈసీఐఎల్ బస్సు ఒకటి. చౌరస్తాకు ఆ పేరు తెచ్చిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1967లో పుట్టింది. ఆ పేరు దేశంలోని ప్రతి కార్మిక న్యాయవాదికీ తెలుసు, కంప్యూటర్ల వల్ల కాదు, ఓటింగ్ యంత్రాల వల్లా కాదు. 'మేనేజింగ్ డైరెక్టర్, ఈసీఐఎల్, హైదరాబాద్ వర్సెస్ బి.కరుణాకర్' అనే కేసు వల్ల.

ప్రశ్న చూడటానికి చిన్నదే. ఉద్యోగి మీద ఆరోపణ వస్తే సంస్థ ఒక విచారణాధికారిని వేస్తుంది. ఆయన సాక్ష్యాలు విని నివేదిక రాస్తాడు. ఆ నివేదిక చదివి పై అధికారి ఉద్యోగం తీసేస్తాడు. మరి ఆ నివేదిక నకలు, తీసేయక ముందు ఆ ఉద్యోగికి ఇవ్వాలా, అక్కర్లేదా? అప్పటిదాకా చాలాచోట్ల ఇచ్చేవాళ్లు కాదు. తన మీద ఏం రాశారో తెలియకుండానే తన బతుకు తేలిపోయేది.

1993 అక్టోబర్ 1న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం జవాబిచ్చింది. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ పి.బి.సావంత్. ధర్మాసనంలో కె.రామస్వామి, బి.పి.జీవన్‌రెడ్డి ఉన్నారు. నివేదిక కూడా ఉద్యోగికి వ్యతిరేకంగా వాడే సరుకే కాబట్టి అతనికి చూపించకుండా దాని మీద నిర్ణయం తీసుకోవడం సహజ న్యాయం కాదంది. ఉద్యోగి అడగకపోయినా ఇవ్వాల్సిందే. ఇవ్వక్కర్లేదని సంస్థ నిబంధనలు చెబితే ఆ నిబంధనలే చెల్లవు. ప్రభుత్వ సంస్థ అయినా ప్రైవేటు సంస్థ అయినా ఇదే సూత్రం. 1990 నవంబర్ 20 నుంచి ఇది వర్తిస్తుంది, ఎందుకంటే ఆ రోజే రంజాన్ ఖాన్ కేసులో ఈ మాట మొదట పలికారు.

ఇంత ఇచ్చి చివర్లో కోర్టు చిన్న ముడి వేసింది. నివేదిక ఇవ్వలేదన్న ఒక్క కారణంతో ఉద్యోగం తిరిగి రాదు. ముందే నకలు ఇచ్చి ఉంటే ఫలితం మారేదా అన్నది చూడాలి. న్యాయమూర్తుల తర్కం నాకు అర్థమవుతుంది. కానీ ఆచరణలో ఈ ముడి యాజమాన్యాలకు బాగా పనికొచ్చింది. కాగితం ఇవ్వనివాడి తప్పును కాగితం అందనివాడు నష్టం చూపించి నిరూపించాలి. ఈ ఒక్క చోట తీర్పు ఇంకొంచెం గట్టిగా ఉండాల్సిందని అనిపిస్తుంది.

కాగితం వల్ల వచ్చేదేమిటి

2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టాల్లోని మంచి చాలావరకు వాటిలోకి దిగింది, కొంత చెడూ దిగింది. మంచిలో ఒకటి, ఇప్పుడు ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. తొలగించినా, రాజీనామా చేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. చాలామంది ఈ రెండో మాట నమ్మరు. 'వచ్చే నెల సైకిల్‌లో పడుతుంది' అని ఏళ్లుగా విని విని అదే చట్టమనుకుంటారు. నిజానికి తొలగించిన మనిషి జీతానికి 1936 నాటి వేతన చెల్లింపు చట్టం కూడా రెండు రోజుల గడువే పెట్టింది.

ఏడాది నిండా పనిచేసిన, అంటే 240 రోజులు పూర్తయిన కార్మికుణ్ని అవసరం లేదని తీసేయాలంటే కారణం రాసిన నెల నోటీసు, లేదా ఆ నెల జీతం, ఆపైన ఏడాదికి 15 రోజుల సగటు జీతం ఇవ్వాలి. బస్టాండు దగ్గరి బట్టల దుకాణంలో పనిచేసే గుమస్తాకూ రక్షణ ఉంది. మన దుకాణాలు, సంస్థల చట్టం 1988 నాటిది. ఆరు నెలలు వరసగా పనిచేసినవాణ్ని సరైన కారణం, నెల నోటీసు లేకుండా తీసేయకూడదంటుంది.

గ్రాట్యుటీ గురించి ఒక అపోహ ఊళ్లలో గట్టిగా పాతుకుపోయింది, తీసేస్తే రాదని. తప్పు. దుష్ప్రవర్తన మీద తొలగించినా, సంస్థకు కలిగించిన నష్టం మేరకు లేదా చట్టం చెప్పిన తీవ్రమైన నేరాల్లో మాత్రమే ఆపగలరు. అయిదేళ్లు నిండిన మిగతా అందరికీ హక్కే. ఆఖరి నెల మూలవేతనం, కరువు భత్యం కలిపి 13,000 ఉన్న మనిషి 8 ఏళ్లు చేస్తే, 26తో భాగించి 15తో గుణిస్తే 7,500, అలా 8 ఏళ్లకు 60,000. ఇది 30 రోజుల్లో ఇవ్వాలి. నిర్ణీత కాల ఒప్పందం మీద పనిచేసేవాళ్లకు అయిదేళ్ల నిబంధన ఇప్పుడు లేదు, ఏడాది చాలు.

సర్వీసు సర్టిఫికెట్‌ను యాజమాన్యాలు దయాదానంలా చూస్తాయి. పాత మాదిరి స్టాండింగ్ ఆర్డర్లు చూడండి: పర్మినెంటు కార్మికుడు రిటైరైనప్పుడే కాదు, డిస్మిస్ అయినప్పుడు కూడా దానికి అర్హుడు. కాంట్రాక్టు కూలీల విషయంలో 1971 కేంద్ర నిబంధనలు ఇంకా సూటిగా, ఏ కారణంతో పని ఆగినా కాంట్రాక్టరు 15వ నంబరు ఫారంలో సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వాలన్నాయి. ఏజెన్సీ కింద పదేళ్లు పనిచేసి ఆ ఫారం మొహం చూడనివాళ్లు ఎందరో.

జర్మనీలో ఇదే కాగితం ఒక శాస్త్రమైంది. వెళ్లిపోయే ప్రతి ఉద్యోగికీ రాతపూర్వక పనితీరు పత్రం ఇవ్వాలని అక్కడి చట్టం. అందులో చెడు రాస్తే కోర్టుకు పోతారని భయపడి సంస్థలు మంచి మాటల్లోనే మెట్లు కట్టాయి. 'మాకు తృప్తికరంగా పనిచేశాడు' అంటే అంతంతమాత్రం, 'ఎల్లప్పుడూ మాకు సంపూర్ణ తృప్తి కలిగేలా' అంటే అద్భుతం. అక్కడికి పోయిన మన పిల్లలు మొదట ఆ కోడ్ నేర్చుకుంటారు. సౌదీ పోయినవాళ్ల కథ వేరు. కఫీల్, అంటే అక్కడి యజమాని, దగ్గర నుంచి మనిషి పారిపోయాడని రాసేస్తే దాన్ని 'హురూబ్' అంటారు. వినకుండానే వేసే ముద్ర అది, మన సెల్ఫ్ డిస్మిస్‌కు అన్న లాంటిది. ఆ తర్వాత అతను ఖల్లీవల్లీ, అంటే కాగితాల్లేని మనిషి.

పీఎఫ్ మీద మాత్రం కొంత ఊరట. యాజమాన్యం వెళ్లిపోయిన తేదీ వేయకపోతే, ఆఖరి వాటా పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగే తన యూఏఎన్ లాగిన్‌లో ఆ తేదీ వేసుకోవచ్చు. ఆధార్‌తో లింకున్న ఫోన్ ఉంటే చాలు. అది కుదరకపోతే పీఎఫ్ కార్యాలయం వరంగల్‌లోనే ఉంది.

ఎక్కడికి పోవాలి

నోటిమాట మీద తీసేసినవాడు మొదట చేయాల్సింది రుజువు కూడబెట్టుకోవడం. 240 రోజులు పనిచేశానని చూపించే బరువు కార్మికుడి మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 2002లో హదిమని కేసులో అంది. రోజుకూలీ దగ్గర కాగితాలు ఎక్కడుంటాయి, యాజమాన్యం దగ్గరున్న హాజరు పట్టీలు తెప్పించమని అడగొచ్చని 2005లో ఎల్లట్టి కేసులో కొంత సడలించింది. కాబట్టి జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్‌ఐ కార్డు, గేటు పాసు, డ్యూటీ వేసిన వాట్సాప్ మెసేజీలు అన్నీ ఫోన్‌లోనే కాక ఇంకో చోట కూడా దాచాలి. గ్రూపులోంచి తీసేయక ముందే స్క్రీన్‌షాట్లు తీయాలి.

ప్రభుత్వ ఆఫీసులో ఏజెన్సీ ద్వారా పనిచేసినవాళ్లకు ఇంకో దారి ఉంది. ఏజెన్సీ కాగితమివ్వకపోతే ఆ శాఖను సమాచార హక్కు కింద అడగండి. ఏజెన్సీతో ఒప్పందం, నెలవారీ హాజరు, చెల్లించిన బిల్లులు. జవాబుకు గడువు 30 రోజులు. రుసుము గ్రామస్థాయి ఆఫీసులో ఏమీ లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే ఆ పని చేయించుకున్న అసలు సంస్థే కట్టాలన్నది పాత చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది.

తొలగింపు వివాదం మొదట కార్మిక శాఖ అధికారి ముందు రాజీకి పోతుంది. 45 రోజుల్లో తేలకపోతే కార్మికుడు తానే నేరుగా న్యాయస్థానానికి పోవచ్చు. ఘన్‌పూర్ మనిషికి దగ్గరి కార్మిక న్యాయస్థానం వరంగల్‌లో ఉంది. ఇక్కడే కోడ్‌లు చేసిన చెడు తెలుసుకోవాలి. పాత చట్టంలో మూడేళ్ల గడువుండేది, కొత్తదాంట్లో రెండేళ్లే. 'ఇయ్యాల రేపు పిలుస్తరేమో' అని ఎదురుచూసే మనుషులకు రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి.

అందుకే ఆగకుండా యాజమాన్యానికి ఒక ఉత్తరం రాయండి. దానికి పెద్ద లాయరు, పెద్ద భాష అక్కర్లేదు. ఫలానా తేదీ నుంచి పనికి రావొద్దన్నారు, నేను పనికి సిద్ధంగా ఉన్నాను, తీసేసి ఉంటే కారణంతో ఉత్తర్వు ఇవ్వండి, రావాల్సిన జీతం, సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వండి అని తెలుగులోనే నాలుగు వాక్యాలు రాయండి. నకలు తీసుకోండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టులోనే పంపండి. కౌంటర్‌లో ఇచ్చే రసీదు సిరా కొన్నాళ్లకు వెలిసిపోతుంది. ఇంటికి పోగానే దాన్ని జిరాక్స్ తీయించి పెట్టుకోండి.